కంది కట్టె ఎత్తు

నవంబర్ 3, సోమవారం

ముందు అందరి ఆరోగ్యం. ఎవరికి ఏ నొప్పి ఉందో అడగకుండా జాబులో వేరే మాట రాయకూడదని మా నాయన చెప్పేవాడు. ఇది ఎవరికీ పోయే జాబు కాదు. అయినా అడుగుతాను.

శశికుమార్ ఎట్లున్నాడు? నా కొడుకు బాగున్నాడు. కొండ మీది గాలిమరలకు సామాను మోసి మోసి, పికప్ కుదుపులకు నడుము పట్టేసింది. నాకు చెప్పడు. చెప్పులు వేసుకోను వంగినప్పుడు కనిపెట్టాను. కోడలు సువార్త? జలుబు. ఆవిరి పట్టమంటే అంగన్‌వాడీకి టైం అయిందంటుంది. బర్రె? మేత మేస్తోంది, కానీ నిన్నటి కన్నా తక్కువ మేసిందని నా అనుమానం. నేను? బీపీ బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తు రాలేదు. ఇంకోటి వేసుకుంటే ఏమవుతుందో, వేసుకోకుంటే ఏమవుతుందో అని పొద్దంతా అదే ఆలోచన. ఆ ఆలోచనకే బీపీ వచ్చి ఉంటుంది.

కొత్తచెరువులో బయమ్మ వదిన? బాగలేదు. ఆయాసం. మంచం దిగి గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే గొప్ప.

మా ఆయన కుళ్ళాయప్ప? ఆయన సంగతి కొంచెం పెద్దది.

పోయిన ఏడు కళ్ళంలో పడి కుడి మోకాలు చిప్ప పగిలింది. రాడ్ వేశారు. ఆ కాలు ఇప్పుడు వంగదు. ఇంట్లో కర్ర పట్టుకుని తిరుగుతాడు. కానీ శశి పికప్ ఎక్కలేడు. అది ఫోర్ వీల్ డ్రైవ్, డబల్ క్యాబిన్, వెనక కూడా సీటూ తలుపూ ఉంటాయి. మాకు అమ్మిన బళ్ళారి ఆయన పోజు కోసం దాన్ని ఇంకా పైకి లేపించి పెట్టాడు. నేను నిలబడితే సీటు నా రొమ్ము కాడికి వస్తుంది.

పోయిన నెల వదిన ఫోన్ చేసి తమ్ముణ్ణి చూడాలంది. ఆమె ఆయన కన్నా పెద్దది, తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది. బయల్దేరాం. స్టూలు వేశాం. స్టూలు జారింది. ఆయన వెనక్కి వచ్చి పక్కింటి గంగాధరప్ప మీద పడ్డాడు. సరే అని శశి చంకల కింద, గంగాధరప్ప కాళ్ళు పట్టుకుని ఎత్తి సీట్లోకి తోశారు. వీధంతా చూస్తోంది. గంగాధరప్ప ఊరుకోకుండా, వేరుశనగ బుడ్డల మూట కన్నా తేలిగ్గానే ఉండాడప్పా అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను, భయంతో.

ఆయన దించమన్నాడు. దించారు. ఇంట్లోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చుని ఒక మాట అన్నాడు.

"నన్ను ఎత్తేది ఒకే తూరి. ఆ పొద్దు నలుగురు వస్తారు. అంతవరకు నన్నెవురూ ఎత్తొద్దు."

ఆ పొద్దు నుంచి గడప దాటలేదు. అక్క ఫోన్ చేస్తే నిద్రపోతున్నానని చెప్పమంటాడు.

నవంబర్ 5

వదిన మళ్ళీ ఫోన్ చేసింది. వాడు నిజంగా నిద్రపోతాండాడా, నా మీద కోపమా అని అడిగింది. నిద్రే అన్నాను. పగలు పదకొండుకు.

శశి విన్నాడు. అన్నం తింటూ తింటూ చెయ్యి కడుక్కుని, బండిని కిందికి దించిస్తానన్నాడు. సస్పెన్షన్ తగ్గించడమట. బండి కిందికి వస్తే అడుగు రాళ్ళకు తగలదా? అది కొండ ఎక్కకపోతే గాలిమరల వాళ్ళు వేరే బండి పెట్టుకోరా? రేపు పొద్దున మేం తినేదేమిటి?

ఇంతకుముందు తలుపు కింద వేలాడే మెట్టు ఒకటి వెల్డింగ్ చేయించాడు. మొదటి రోజే కొండ మీద రాయి తగిలి ఊడిపోయి ఎక్కడో పడిపోయింది. అది గుర్తు చేశాను. శశి నవ్వి, మెట్టు పోతే పోయింది బండి వచ్చింది కదమ్మా అన్నాడు.

అరుగు దగ్గరికి బండి ఆనించి ఎక్కిద్దామని నేనన్నాను. గోడ వైపు తిరిగిన మనిషి అన్నీ వింటున్నాడు. ఈడ అరుగు ఉండాది, ఆడ నేను దిగేటప్పుడు అరుగు ఎవురు కడతారు అని అడిగాడు. బాడుగ కారు మాట ఎత్తితే, నా కొడుకు బండి వాకిట్లో పెట్టుకొని పరాయి బండా అన్నాడు.

రెండూ నిజమే. అందుకే ఇంకా దిగులు.

నవంబర్ 6

ఈరోజు ఆయన కాలు కొలిచాం.

ఎడమ కాలు ఎంత ఎత్తగలడో అంత ఎత్తమన్నాను. గోడ పట్టుకుని ఎత్తాడు. నేను పక్కన కంది కట్టె నిలబెట్టి ఆ ఎత్తుకు కొడవలితో తెంచాను. దూడకు పలుపు కొలిచినట్టు కొలుస్తాండావే అన్నాడు. చాలా రోజులకు నన్ను తిట్టాడు. మనసుకు హాయిగా అనిపించింది.

శశి ఆ కట్టెను తీసుకుపోయి వాకిట్లో బండి వెనక సీటు తలుపు కింద, కాలు పెట్టే రేకు పక్కన నిలబెట్టాడు. కట్టె కొసకూ రేకుకూ మధ్య బెత్తెడు సందు. బెత్తెడు దించితే చాలు నాయనా అని అరిచాడు. లోపల ఆయన కర్ర చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

నవంబర్ 8, శనివారం

గుత్తికి నేనూ పోయాను. ఇంట్లో ఉంటే ఊహించుకుని చస్తాను, కళ్ళతో చూస్తే ఒకసారే చస్తాను.

కమాన్ కట్టల షాపు, బండ్ల స్ప్రింగు పట్టీలు బాగుచేసేది. మెకానిక్ పేరు వీరేష్. మాట కటువు. బండి కిందికి దూరి, బయటికి వచ్చి, దీన్ని ఎవుడప్పా ఇట్లా మంచె మీద కూసోబెట్టినాడు అన్నాడు. వెనక ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య ఇటుకంత ఇనుప దిమ్మెలు రెండు పెట్టి ఉన్నాయి. అవి తీసేశాడు. ముందు పక్క ఒక పెద్ద బోల్టు వదులు చేస్తూ పోయాడు. బండి ముక్కు కొంచెం కొంచెంగా కిందికి వచ్చింది, బర్రె మోకాళ్ళ మీద కూర్చున్నట్టు.

అడుగు నేలకు తగలదా అని అడిగాను. తగలదన్నాడు. చక్రం లోపల రాసుకోదా? రాసుకోదన్నాడు. వాన వస్తే? అప్పుడు పాన పక్కన పెట్టాడు.

"అవ్వా, మన అనంతపురంలో వానకు భయపడిన మనిషిని నిన్నే చూస్తాండా."

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయినా జవాబు చెప్పలేదు కదా.

అలైన్‌మెంట్ చూపించి, హెడ్‌లైట్లు సరిచేయించుకుని వచ్చేశాం. దారిలో శశి పాట పెట్టాడు. నేను రాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

నవంబర్ 9, ఆదివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

సువార్త చర్చి నుంచి వచ్చింది. ఆయన తెల్ల పంచె కట్టుకున్నాడు. గడప దాటాడు. వీధిలో జనం లేని వేళ చూసి పిలిచాం, అయినా గంగాధరప్ప వచ్చాడు, అతని భార్య వచ్చింది, ఎదురింటి వాళ్ళు వచ్చారు. ఆయన తలుపు పిడి పట్టుకుని ఎడమ కాలు ఎత్తాడు. చెప్పు ముక్కు రేకు అంచుకు తగిలింది. పైకి పోలేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ తగిలింది. మూడు వేళ్ళ ఎత్తు, అంతే. నేను ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాను. అనకుండా ఉండాల్సింది.

గంగాధరప్ప చెయ్యి వేయబోయాడు. ఆయన చూసిన చూపుకు వెనక్కి తీసుకున్నాడు. ఏమప్పా కుళ్ళాయన్నా, గుత్తి నుంచి క్రేన్ తెప్పించల్లా ఏమి అన్నాడు.

ఆయన లోపలికి పోయాడు. పంచె మార్చుకున్నాడు.

శశి కట్టె తెచ్చి నిలబెట్టి చూశాడు. కట్టె పొట్టిగానే ఉంది. వీరేష్ మోసం చేశాడని శశి, చెప్పినంతే దించినానని ఫోన్లో వీరేష్. ఇద్దరూ అరుచుకున్నారు.

నవంబర్ 10

అన్నం తినలేదు. ఆయన తినలేదని నేను, నేను తినలేదని సువార్త.

నవంబర్ 12

వదిన ఫోన్. ఈసారి నన్నేమీ అడగలేదు. ఒకే మాట.

"నల్లమ్మా, వానికి ఇష్టం లేకపోతే రావద్దులే. ముఖం మర్చిపోతానేమో అని అడిగినా, అంతే."

ఫోన్ పెట్టేశాక బర్రెకు మేత వేయడానికి వాకిట్లోకి వచ్చాను. ఏడుపు ఆగక బండి పట్టుకుని నిలబడ్డాను. శశి పొద్దున్నే బుడ్డల మూటలు ఎత్తించి పెట్టాడు, మార్కెట్‌కు పోవాలి. కంది కట్టె అక్కడే గోడకు ఆనించి ఉంది. ఎందుకో తీసి తలుపు కింద పెట్టాను.

సరిపోయింది. కట్టె కొస మీద రేకు ఆనుకుని కూర్చుంది.

ఆదివారం చాలని కట్టె ఈరోజు చాలింది. బండికి ఏమైనా పట్టిందేమో అనుకున్నాను. గట్టిగా సువార్తను పిలిచాను. ఆమె పిండి చేతులతో వచ్చి చూసింది. కట్టె వైపు చూసింది, మూటల వైపు చూసింది. అత్తా, ఆ పొద్దు శశి కొలిచినప్పుడు బండిలో ఏమున్నాయి అని అడిగింది.

బుడ్డలు. ఆరోజు కూడా నిండా బుడ్డలే.

మూటలు ఉంటే కమాన్లు అణిగి బండి కిందికి దిగుతుంది. ఆ ఎత్తు చూసుకుని బెత్తెడు చాలన్నాం. గుత్తికి ఖాళీ బండి తీసుకుపోయాం. ఖాళీ బండి లేచి నిలబడుతుంది. బుడ్డలు పీకే ఈ దినాల్లో మా ఊళ్ళో ఖాళీ బండిని చూసినవాళ్ళు ఎవరు? కట్టె కాదు, మోసం కాదు, మా బుడ్డలే.

నేను లోపలికి పోయి ఆయనకు చెప్పాను. గోడ వైపు నుంచి తల మాత్రం తిప్పాడు. అయితే నా కాలు బాగానే లేసిందా అని అడిగాడు.

బాగానే లేచిందన్నాను.

ఒక ముద్ద సంగటి ఎక్కువ తిన్నాడు.

నవంబర్ 13

మళ్ళీ గుత్తి. శశి ఒక్కడే పోయాడు. నన్ను రావద్దని వీరేష్ ముందే ఫోన్లో చెప్పాడట.

వీరేష్ మొదట బాగా తిట్టాడట. ఖాళీ బండి కొలవల్ల అనేది మీ ఊర్లో ఎవురికీ తెలీదా అని. తర్వాత వెనక కమాన్ కట్టలు వేలాడే కొక్కేలు చూపించాడట. బళ్ళారి ఆయన అక్కడ కూడా పొడుగువి వేయించాడు. అవి తీసేసి మామూలువి వేశాడు. ముందు బోల్టు ఇంకొంచెం వదిలాడు. ఇప్పుడు బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉన్న ఎత్తుకు వచ్చిందట, దీనితో కొండ ఎక్కలేకపోతే కంపెనీ మూసుకోవల్ల అన్నాడట.

కట్టె నిలబెట్టాం. ఖాళీ బండికి. సరిపోయింది.

ఆయన వెంటనే ఎక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. ముందు కొండ ఎక్కి రానీ అన్నాడు. నాకోసం వాని కూడు పోయేటట్టయితే దాన్ని మళ్ళీ లేపించండి, నేను ఈడనే ఉంటా అన్నాడు.

నవంబర్ 15, శనివారం

పొద్దున 7. శశి కొండకు పోయాడు. బండి నిండా గాలిమర సామాను. నిమ్మకాయ కట్టాను. సువార్తను ప్రార్థన కూడా చేయమన్నాను. రెండు పక్కలా చెప్పిపెట్టడం మంచిది.

9 గంటలు. ఫోన్ లేదు. కొండ మీద సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసినా చూస్తున్నాను.

11. వాగు దాటే చోట పెద్ద బండరాయి ఒకటుంది. మెట్టును మింగింది అదే. దాని మీద అడుగు ఆనుకుని బండి అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తోంది. కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తోంది.

మధ్యాహ్నం 1. ఆయన గడప మీద కూర్చున్నాడు. గడప మీద కూర్చోకూడదని చెప్పలేదు. నేను కూడా పక్కన కూర్చున్నాను.

2 దాటింది. గంగాధరప్ప వచ్చి శశి ఇంకా రాలేదా అన్నాడు. ఆ మాట అనడానికే వచ్చాడు.

3.30. వచ్చాడు. వచ్చాడు. దుమ్ము కొట్టుకుని, పళ్ళు కనిపించేలా నవ్వుతూ. బండి కిందికి దూరి చూశాను, ఈ వయసులో. నా చీర నిండా నూనె. గీత లేదు. ఒక్క గీత లేదు. పైపెచ్చు మలుపుల్లో ఇదివరకటిలా ఊగలేదమ్మా, నేలకు పట్టుకొని పోయింది అన్నాడు. నడుము నొప్పి ఎట్లుందని అడిగాను. నీకెట్లా తెలుసన్నాడు.

నవంబర్ 16, ఆదివారం

ఈ పేజీ నిండా రాస్తాను.

పొద్దున లేచేసరికి ఆయన గడ్డం గీసుకుని ఉన్నాడు. తెల్ల పంచె. కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి గొంతెత్తి పిలిచాడు.

"గంగాధరప్పా, యాడుండావు? ఈడికి రా. కుర్చీ తెచ్చుకొని రా, నిలబడితే కాళ్ళు నొస్తాయి."

గంగాధరప్ప నిజంగానే కుర్చీ తెచ్చుకున్నాడు. భార్య వచ్చింది. ఎదురింటి వాళ్ళు వచ్చారు. రాకపోతే ఆయన వాళ్ళనూ పిలిచేవాడే. నేను జనం లేనప్పుడు చూద్దామంటే, జనం లేనప్పుడు ఎక్కేది ఎందుకు అన్నాడు.

శశి తలుపు తీసి దూరంగా నిలబడ్డాడు. వాడి చేతులు ఊరుకోవడం లేదు, వెనక కట్టుకున్నాడు. నేను పైట నోట్లో పెట్టుకున్నాను.

ఆయన కర్ర సీట్లోకి విసిరాడు. పిడి పట్టుకున్నాడు. ఎడమ కాలు లేచింది. చెప్పు మొత్తం రేకు మీద ఆనింది, మడమతో సహా. ఒక్క లాగు. మనిషి పైకి లేచాడు. వంగని కాలు వెనక నుంచి, గుంజతో సహా వచ్చిన దూడలాగా, నిదానంగా లోపలికి వచ్చింది. కూర్చున్నాడు. తలుపు ఆయనే వేసుకున్నాడు. ధడేల్మని.

గంగాధరప్ప కుర్చీలోంచి లేచాడు.

అద్దం దించి, గంగాధరప్పను దగ్గరికి పిలిచి, మూట ఎక్కినాది, పోయి అన్నం తినుపో అన్నాడు. గంగాధరప్ప ముందు నవ్వాడు. నేను తప్పు మాట అన్నానన్నా ఆ పొద్దు అని అద్దంలోంచి చెయ్యి పట్టుకున్నాడు. ఎదురింటామె ఈలలాంటిది ఏదో వేసింది. ఆమెకు ఈల వచ్చని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు.

మళ్ళీ దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఎన్ని సార్లు ఎక్కి దిగాడో. చాలు, కాలు నొస్తుందంటే వినడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే దిగలేదు. కంచం బండిలోకే తీసుకుపోయాను. నన్ను కూడా ఎక్కమన్నాడు. ఎక్కాను. ఇద్దరం కదలని బండిలో కూర్చుని సంగటి తిన్నాం. వాకిలి కొత్తగా కనిపించింది.

అక్కకు ఫోన్ కలపమన్నాడు. నిద్ర పోలేదక్కా, వస్తాండా అన్నాడు. అంతకన్నా మాట రాలేదు. నాకిచ్చాడు. అవతల నుంచి కూడా మాట రాలేదు. నేను ఒక్కదాన్నే ఇద్దరి తరఫునా ఆరోగ్యాలు అడిగి పెట్టేశాను.

ఆనందంలో ఒక దిగులు మర్చిపోయాను. అక్కడ వాకిలి పల్లంగా ఉంటే? పల్లంలో బండి ఇంకా ఎత్తుగా ఉండదా?

నవంబర్ 23, ఆదివారం

కొత్తచెరువు పోయి వచ్చాం. వాకిలి పల్లంగా లేదు.

దారంతా ఆయన కిటికీ పక్కన. ఏ చేలో బుడ్డలు బాగా కాచాయి, ఎక్కడ బోరు ఎండింది, ఎవరు దానిమ్మ పెట్టారు, అన్నీ చెప్పుకుంటూ వచ్చాడు. ఏడాదిగా నోట్లో దాచిపెట్టుకున్న మాటలన్నీ.

వదిన మంచం గడప దగ్గరికి వేయించుకుని కూర్చుంది. బండి ఆగింది. ఆయన తలుపు తీశాడు. వదిన కొడుకు జయచంద్ర పరిగెత్తుకుని వచ్చి చెయ్యి అందించబోతే శశి వాణ్ణి భుజం పట్టి ఆపాడు. ఆయన వంగని కాలు ముందు దించి, నేల తగిలాక రెండోది దించాడు. కర్ర తీసుకున్నాడు. నడిచి అక్క దగ్గరికి పోయాడు.

వదిన ముఖం మర్చిపోలేదు. ముఖం చూడలేదు కూడా. ఆ కాలు చూస్తోంది, ఆ బండి చూస్తోంది. ఆయన పక్కన కూర్చున్నాక కూడా బండినే చూస్తోంది.

భోజనాలయ్యాక అంది.

"ఒరే కుళ్ళాయీ, నేనూ ఎక్కి చూస్తా."

అందరం వద్దన్నాం. అందరి కన్నా గట్టిగా నేనన్నాను. ఆయాసం, వయసు, పడితే ఎముకలు. ఆమె మా మాట వినడం లేదు. గోడ పట్టుకుంది, తర్వాత స్తంభం, తర్వాత తమ్ముడి భుజం, తర్వాత బండి. తలుపు పిడి పట్టుకుంది. జయచంద్ర రెండు చేతులూ చాచాడు, శశి చాచాడు, నేను చాచాను.

"ఎవురూ ముట్టుకోవద్దండి," అన్నాడు ఆయన.

చాలా సేపు పట్టింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. ఎక్కింది. సీట్లో కూర్చుని పైట సర్దుకుని, ఇంకా చూస్తానే ఉండారేమిరా, తోలండి అంది. బస్టాండు దాకా తోలాడు శశి. అక్కాతమ్ముడు వెనక, నేను ముందు. టీ తెప్పించుకుని బండిలోనే తాగారు. వదిన ఎవరెవరినో పేర్లు పెట్టి పిలిచింది. సగం మంది ఆమె పిలిచిన వాళ్ళ కొడుకులు.

ఆమె ఆయాసం వల్ల నా గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఆమెది మాత్రం బాగుంది.

నవంబర్ 24

పొద్దున్నే వదిన ఫోన్. ఆరోగ్యాలు అడగనివ్వలేదు.

శశిని బండి పంపమంది, ఈసారి తమ్ముడింటికి తానే వస్తుందట. ఎక్కించడానికి ఎవరూ రాకూడదట. గంగాధరప్పను కుర్చీ వేసుకుని కూర్చోమని చెప్పమంది.

వచ్చే ఆదివారం, ముప్పయ్యో తారీఖు.